పెరటి గడ్డికి దారం యంత్రం: కొనే ముందు తెలుసుకోవలసిన సంగతులు

పాడి ఉన్న ఇంటికి పశువుల పాకతోపాటు పెరడు, పాక చుట్టూ ఖాళీ జాగా, పేడదిబ్బకు పోయే బాట ఉంటాయి. తొలకరి పడిన కొద్ది వారాలకే వీటన్నింటిలో గడ్డి మోకాలెత్తు లేస్తుంది. ఇది చూపుకు బాగుండకపోవడం ఒక్కటే కాదు. పిడుదుల పిల్లలు గడ్డి పరకల కొసలకు ఎక్కి పశువు కోసం కాచుకొని ఉంటాయి. పాములకు, ఎలుకలకు గుబురు గడ్డి చాటవుతుంది. కొడవలితో కోయిద్దామంటే సమయానికి కూలీలు దొరకరు. అందువల్ల చాలామంది సభ్యులు గడ్డి కొట్టే చేతి యంత్రం కొనాలని ఆలోచిస్తున్నారు.

అంగడిలో ఈ యంత్రాలు పలు రకాలుగా దొరుకుతున్నాయి. ధరను బట్టి కాక, మన పనిని బట్టి ఎంచుకోవడం మంచిది. పాడి రైతు గమనించవలసిన మరొక ముఖ్య విషయం కూడా ఉన్నది. పెరట్లో గడ్డి కొట్టే నైలాను దారం, పశువుకు వేసే మేతలో ఎన్నడూ కలవరాదు.

యంత్రం పనిచేసే తీరు

పొడుగాటి గొట్టం చివర తిరిగే తల, ఆ తలలో చుట్టి ఉన్న నైలాను దారం, దానిని తిప్పే మోటారు లేక ఇంజను: ఇవే ఈ యంత్రంలోని ముఖ్య భాగాలు. తల నిమిషానికి 6,000 చుట్లకు పైగా తిరిగినప్పుడు మెత్తని దారం బిగుసుకొని కర్రలా నిలుస్తుంది. అది కొడవలిలా కోయదు, గడ్డిని కొట్టి తెంపుతుంది. అందుచేత దారం కొస క్షణక్షణం అరిగిపోతూ ఉంటుంది. అరిగినప్పుడు తలను నేలకు మెల్లగా తట్టితే మరికొంత దారం బయటకు వస్తుంది.

1971లో అమెరికాలోని హూస్టన్ నగరంలో జార్జి బాలస్ అనే ఆయనకు, కార్లు కడిగే చోట గిరగిర తిరిగే నైలాను కుచ్చులను చూసి ఈ ఆలోచన తట్టింది. చెట్ల మొదళ్ళ వద్ద, గోడల వెంట పెరిగే గడ్డిని తీయడం ఆయన ఉద్దేశం. నేటికీ దారం యంత్రానికి తగిన పని అదే.

దారమా, బ్లేడా?

మనవైపు బ్రష్ కట్టర్ అని అమ్మే పెట్రోలు యంత్రాలకు దారం తలను, ఇనుప బ్లేడును మార్చి మార్చి బిగించుకోవచ్చు. ఏ పనికి ఏది వాడాలో తెలుసుకోవాలి.

గరిక, తుంగ వంటి మెత్తని గడ్డికి, గోడ వార, రాళ్ళ అంచున, కంచె కింద పెరిగే కలుపుకు దారం సరిపోతుంది. బ్లేడు రాయికి తగిలితే పళ్ళు విరుగుతాయి, యంత్రం చేతిలో ఎగురుతుంది. దారం తగిలితే దారమే తెగుతుంది.

తుమ్మ మొలకలకు, ముదిరిన పిచ్చి మొక్కలకు, సూపర్ నేపియర్, కో-4 వంటి లావు కాడల పశుగ్రాసానికి దారం పనికిరాదు. వీటికి బ్లేడే కావాలి. మూడు పళ్ళ బ్లేడు ముదురు గడ్డికి, పొదలకు వాడతారు. పశుగ్రాసానికి, పైరు కోతకు ఎక్కువ పళ్ళున్న గుండ్రని బ్లేడు వాడతారు.

దారం మందం యంత్రానికి తగినట్లుండాలి. కరెంటు యంత్రాలకు, చిన్న బ్యాటరీ యంత్రాలకు 1.6 నుంచి 2 మిల్లీమీటర్ల దారం, పెట్రోలు యంత్రాలకు 2.4 నుంచి 3 మిల్లీమీటర్ల దారం సాధారణంగా వాడతారు. లావు దారమైతే ఎక్కువ రోజులు వస్తుందని చిన్న యంత్రానికి ఎక్కిస్తే మోటారు వేడెక్కి కాలిపోతుంది. ఎండకు ఎండిన పాత దారం పెళుసై ఊరికే తెగుతుంది. వాడబోయే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానవేస్తే అది మళ్ళీ సాగుడు పట్టుకుంటుంది.

పశువుకు కలిగే ముప్పు

దారం అరిగినదంతా ఎక్కడికి పోతున్నది? చిన్న చిన్న తునకలై గడ్డిలోనే రాలుతుంది. ఒక్కొక్కసారి బెత్తెడు ముక్కే తెగి పడుతుంది. పెరట్లో కొట్టిన పచ్చగడ్డిని పారవేయడం ఎందుకని గంపకెత్తి గాటిలో వేస్తే ఆ తునకలు కూడా పశువు కడుపులోకి పోతాయి. పశువు మనలాగా నమిలి మింగదు. ముందు గబగబ మింగి, తరువాత తీరికగా నెమరు వేస్తుంది. కనుక మేతలోని పరాయి వస్తువును ఏరి వదిలిపెట్టలేదు. నైలాను కడుపులో అరగదు, కుళ్ళదు. తాళ్ళు, సంచుల ముక్కలు పేరుకొని పొట్టలో ఉండలు కట్టిన పశువులకు పశువైద్యులు ఆపరేషన్లు చేయడం మనం చూస్తున్నదే.

దారం ఖర్చు మిగులుతుందని దానికి బదులు సైకిలు బ్రేకు తీగనో, కట్టుడు తీగనో తలకు చుట్టడం ఇంతకన్నా ప్రమాదకరం. తెగిన ఇనుప తీగ ముక్క తూటాలా ఎగిరి మనిషికి తగులుతుంది. గడ్డిలో పడి పశువు కడుపులోకి చేరితే, రెండవ పొట్టలో గుచ్చుకొని, అక్కడినుంచి పక్కనే ఉన్న గుండె వరకు పోగలదు. అట్లాంటి పశువు మేత మానుతుంది, పాలు తగ్గుతాయి, తరచు ప్రాణమే పోతుంది. ఇనుప గొలుసు ముక్కలు కట్టిన తలలను అమ్మరాదని యూరోపియన్ కమిషన్ 2012లోనే నిషేధించింది. మన అంగళ్ళలో ఎవరైనా చూపినా వాటిని కొనకండి.

కనుక ఇంటిల్లిపాదీ ఒక నియమం పెట్టుకోవాలి. దారంతో కొట్టిన గడ్డి పేడదిబ్బకు పోవాలి. మేతకు కోసేది కొడవలితోగాని, బ్లేడుతోగాని కోయాలి. దారంతో కొట్టిన చోట గడ్డిని ఊడ్చి ఎత్తే వరకు దూడలను విడువరాదు.

కరెంటు, బ్యాటరీ, పెట్రోలు

కరెంటు యంత్రం తేలిక, ధర తక్కువ, శబ్దం తక్కువ. కాని తీగ పొడుగున్నంత మేరకే పని. పాక కడిగిన నీళ్ళు పారే జాగాలో, తడి గడ్డిలో కరెంటు తీగ ఈడ్చుకుంటూ తిరగడం ప్రాణాపాయం. పొడిగా ఉండే అయిదారు సెంట్ల ఇంటి ముంగిలికి మాత్రమే ఇది తగినది. తీగకు అతుకులు ఉండరాదు. లైనుకు ఎర్త్ లీకేజి బ్రేకరు ఉండాలి.

బ్యాటరీ యంత్రానికి తీగ బాధ లేదు. దీని శక్తిని వోల్టులు చూసి మాత్రమే లెక్కించరాదు. వోల్టులను ఆంపియర్ గంటలతో హెచ్చిస్తే అసలు నిలువ తెలుస్తుంది. 20 వోల్టులు, 2 ఆంపియర్ గంటల బ్యాటరీలో 40 వాట్ గంటలు. 20 వోల్టులు, 4 ఆంపియర్ గంటల దానిలో 80 వాట్ గంటలు. అంటే రెండవది దాదాపు రెట్టింపు సేపు పనిచేస్తుంది. విడి బ్యాటరీ ధర, అది మన పట్నంలో దొరుకుతుందో లేదో ముందే అడగాలి. కొన్నాళ్ళకు యంత్రం బాగున్నా బ్యాటరీ చచ్చిపోవచ్చు.

పెట్రోలు యంత్రం పెద్ద పెరళ్ళకు, గట్లకు, పశుగ్రాసం మడులకు తగినది. టూ స్ట్రోకు ఇంజనులో పెట్రోలుతోపాటు ఆయిలు కలపాలి. కంపెనీ 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40 మిల్లీలీటర్లు. యంత్రంతో వచ్చిన పుస్తకంలోని లెక్కే పాటించాలి. ఆయిలు తగ్గితే పిస్టను పట్టుకుంటుంది, మించితే పొగ, మసి. ఫోర్ స్ట్రోకు ఇంజనుకు ఆయిలు వేరుగా పోయాలి. ఇది తక్కువ పెట్రోలు తాగుతుంది, పొగ తక్కువ, ధర ఎక్కువ. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు కలిసి ఉంటున్నది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పని అయిపోయి నెలల తరబడి మూలన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరులోని పెట్రోలు అయిపోయేదాకా ఇంజను ఆడించి ఆపాలి.

ఇక్కడ మన సభ్యులకు ఒక మనవి. ఆయిలు కొలవడానికి, పెట్రోలు నిలువ చేయడానికి పాల కొలతలు, పాల క్యాన్లు వాడరాదు. పాలు వాసనను ఇట్టే పట్టుకుంటాయి. ఒక ఇంటి పాలు చెడితే కేంద్రంలో వాటితో కలిసిన అందరి పాలూ చెడుతాయి.

బరువు, పట్టు

యంత్రాన్ని ఎవరు వాడతారో వారే అంగడికి వెళ్ళి చూడాలి. చాలా ఇళ్ళలో పాడి పని ఆడవారే చూసుకుంటున్నారు. పక్కన వేలాడే పెట్రోలు యంత్రం ఏడెనిమిది కిలోలుంటుంది. భుజం పట్టీ బిగించి, అయిదు నిమిషాలు అటూ ఇటూ ఊపి చూస్తే నడుముకు ఆగుతుందో లేదో తెలుస్తుంది. వంగిన గొట్టం యంత్రాలు తేలిక, చవక. కాని వాటికి సాధారణంగా బ్లేడు బిగించరాదు. ముందు ముందు మేత కూడా కోయాలనుకుంటే తిన్నని గొట్టమున్న యంత్రమే కొనాలి. దారం తల, బ్లేడు, స్పార్కు ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు దగ్గరి పట్నంలో దొరకని యంత్రం ఎంత చవకైనా ఖరీదైనదే.

వాడుకలో జాగ్రత్తలు

తలపై ఉండే ప్లాస్టిక్ కవచాన్ని చాలామంది అడ్డమని ఊడదీస్తారు. అది రాళ్ళను ఆపుతుంది. దానికున్న చిన్న కత్తి దారాన్ని తగిన పొడుగుకు తెంపుతుంది. కవచం లేకపోతే దారం పొడుగై ఇంజనుపై భారం పడుతుంది. కళ్ళద్దాలు, బూట్లు, కాళ్ళు కప్పే బట్టలు తప్పనిసరి. పెట్రోలు ఇంజను శబ్దం 90 డెసిబెల్స్ దాటుతుంది కనుక చెవులకు రక్షణ కావాలి. పనిచేసే చోటికి 15 మీటర్ల లోపు పిల్లలు, పశువులు ఉండరాదు. ముందుగా నేలంతా తిరిగి రాళ్ళు, మేకులు, తీగలు, గాజు ముక్కలు ఏరివేయాలి.

వయ్యారిభామను దారంతో కొట్టకండి. దాని రసం, పుప్పొడి చిమ్మి ఒంటి మీద పడితే దురదలు, దద్దుర్లు వస్తాయి. కొట్టిన మొదలు మళ్ళీ చిగురిస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకొని వేళ్ళతో పీకాలి. దీనిని పశువు మేస్తే పాలు చేదెక్కుతాయి.

లేత మామిడి, నిమ్మ, మునగ మొక్కల మొదళ్ళకు దారం తగిలితే బెరడు చుట్టూ ఊడి మొక్క ఎండిపోతుంది. మొదలు చుట్టూ మూరెడు మేర చేతితోనే కలుపు తీయాలి.

పాలు పితికే వేళకు యంత్రం ఆడించరాదు. బెదిరిన పశువు చేపదు. ఉదయం పాలు కేంద్రానికి పోసి వచ్చిన తరువాత, సాయంత్రం పితుకుడుకు చాలా ముందుగా పని ముగించాలి.

సొంతమా, సంఘానిదా?

జూన్ నుంచి నవంబరు వరకు మూడు వారాలకొకసారి, ఒక్కొక్కసారి రెండు గంటలు పని ఉందనుకుందాం. ఆరు నెలల్లో ఇది 8 సార్లు, అంటే 16 గంటలు. అంత కొద్ది పనికి ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క పెట్రోలు యంత్రం కొనడం డబ్బును మూలన పెట్టడమే అవుతుంది. పది సెంట్ల లోపు పెరడు ఉన్నవారికి బ్యాటరీ యంత్రమో, మంచి కొడవలో చాలు. ఎకరం, అర ఎకరం పశుగ్రాసం వేసినవారికి బ్లేడుతో కూడిన పెట్రోలు యంత్రం గిట్టుబాటవుతుంది. తక్కినవారికి సంఘమే ఒక యంత్రం కొని, వాడటం వచ్చిన ఒకరిద్దరు యువకుల చేత సభ్యులకు గంటల లెక్కన అద్దెకు పని చేయించడం అన్నివిధాలా మేలు. పాల సేకరణ కేంద్రం ఆవరణ కూడా దానితోనే శుభ్రమవుతుంది. అద్దె, పెట్రోలు, మరమ్మతుల లెక్కకు వేరే పుస్తకం పెట్టాలి.

పాలకవర్గాలు ఈ విషయాన్ని రాబోయే సమావేశంలో చర్చించాలి. యంత్రం కొనే ముందు అంగడివారిని పిలిపించి, సభ్యుల ఎదుట కేంద్రం ఆవరణలోనే నడిపించి చూడాలి. దారంతో కొట్టిన గడ్డి గాటిలో పడరాదన్న మాటను కార్యదర్శులు నోటీసు బోర్డుపై పెద్ద అక్షరాలతో రాయించవలసిందిగా కోరుతున్నాము.