వాహన చోరీల నివారణకు మైక్రోడాట్లు: గోప్యతకు రక్షణ రికార్డులలోనే

వాహనాల చోరీని, నకిలీ విడిభాగాల విక్రయాన్ని అరికట్టే ఉద్దేశంతో కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ 2019 జూలైలో మైక్రోడాట్లపై ముసాయిదా నోటిఫికేషన్‌ను జారీ చేసింది. ఇవి ఏఐఎస్-155 ప్రమాణానికి అనుగుణంగా ఉండాలని అందులో ప్రతిపాదించింది.

మైక్రోడాట్ ఇసుక రేణువంతటి చుక్క. దానిపై గుర్తింపు సంఖ్య ముద్రితమై ఉంటుంది. జిగురు ద్రవంలో కలిపిన వేలాది చుక్కలను వాహన భాగాలపై పిచికారీ చేస్తారు. అతినీలలోహిత కాంతిలో వాటి జాడ తెలుస్తుంది; సంఖ్యను చదవడానికి సూక్ష్మదర్శిని అవసరం. ఛాసిస్ నంబరును చెరిపివేసినా, వాహనాన్ని విడగొట్టి విక్రయించినా, చుక్కలన్నింటినీ తొలగించడం దాదాపు అసాధ్యం.

ఈ చుక్క సంకేతాలను ప్రసారం చేయదు కనుక వాహనం కదలికలను వెల్లడించదు. ఆర్ఎఫ్ఐడీ చిప్పు ఇందుకు భిన్నమైనది. రీడరు తరంగాలకు స్పందించి, బ్యాటరీ లేకుండానే కొన్ని మీటర్ల దూరం నుంచి తన సంఖ్యను తెలుపగలదు. కొనుగోలు అనంతరం కూడా అది పనిచేస్తే వినియోగదారుని కదలికలకు ఆనవాలు కాగలదు. బెనెటన్ దుస్తులలో చిప్పులు అమర్చాలన్న 2003 నాటి ప్రతిపాదన ఈ కారణంగానే విమర్శలకు గురైంది. చిప్పును శాశ్వతంగా నిర్వీర్యం చేసే 'కిల్' ఆదేశం ఈపీసీ జెన్-2 ప్రమాణంలో ఉంది.

మైక్రోడాట్ల విషయంలో గోప్యత సమస్య చుక్కలో కాక, సంఖ్యను యజమాని వివరాలతో జతపరచే రికార్డులో ఉంటుంది. వాహనం చేతులు మారినపుడు రికార్డును సవరించకపోతే నిర్దోషి అయిన పాత యజమాని అనుమానితుడు కాగలడు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో స్పష్టం చేసింది. అందువలన రికార్డును ఎవరు, ఏ ప్రయోజనానికి పరిశీలించవచ్చునో నిర్దిష్టంగా నిర్ణయించడం చుక్కలను అమర్చడమంత ముఖ్యం.