చలికాలంలో గ్యాస్ గీజర్ మధ్యలో ఆగిపోతోందా? ముందు బాత్రూమ్ కిటికీ చూడండి

ఈ ఎపిసోడ్ మా ఊరు నెమలి నుంచి. తిరువూరు వైపు వాళ్లకి వేణుగోపాలస్వామి గుడి అంటే వెంటనే తెలుస్తుంది. సంక్రాంతికి ఇంటికి రాగానే అమ్మ చెప్పిన మొదటి మాట, "ఒరేయ్, చలికి గీజర్ ఆగిపోతోంది, కాస్త చూడరా" అని.

ఇద్దరు స్నానం చేసేదాకా బాగానే ఉంటుంది. మూడో మనిషి సబ్బు రాసుకునేసరికి మంట ఆరిపోతుంది. ఆ మూడో మనిషి రోజూ నేనే!

అందరూ చెప్పే కారణం, చలికి గ్యాస్ గడ్డకట్టిందని. కాదండీ. ఎల్పీజీలో ఉండేది ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది, బ్యూటేన్ సున్నాకి కాస్త కింద. మన ఊళ్లో అంత చలి ఎక్కడిది? కాకపోతే ఒకటి నిజం. ద్రవం ఆవిరయ్యేటప్పుడు సిలిండర్ నుంచే వేడి లాక్కుంటుంది. గ్యాస్ అడుక్కి వచ్చిన సిలిండర్ చల్లబడి ప్రెషర్ తగ్గొచ్చు. అలాగని సిలిండర్‌ని వేడినీళ్లలో పెట్టకండి, ప్లీజ్.

సాఫ్ట్‌వేర్‌లో బగ్ పట్టినట్టే, ఒక్కోసారి ఒక్కటే మార్చి చూశా. నిండు సిలిండర్ పెట్టా, అదే కథ. టిక్ టిక్ మంటూ వెలగకపోతే బ్యాటరీలని అనుమానించాలి, మాది వెలుగుతోంది. అయినా కొత్తవి వేశా. తర్వాత నీళ్లు. లోపల ఒక డయాఫ్రమ్ ఉంటుంది, నీటి ఒత్తిడికి అది కదిలితేనే గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. చలికాలంలో నీళ్లు బాగా కాగాలని ట్యాప్ సన్నగా తిప్పుతాం చూడండి, అప్పుడు చాలా ఇళ్లల్లో మంట ఆరిపోయేది అందుకే. మా ఇంట్లో 15 లీటర్ల బకెట్ 3 నిమిషాల్లో నిండింది. అంటే నీళ్లూ ఓకే.

అప్పుడు తల పైకెత్తి చూశా. చలిగాలి రాకుండా అమ్మ వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టింది!

అట్ట తీసి, తలుపు తెరిచి, లోపల ఎవరూ లేకుండా ట్యాప్ తిప్పి వదిలేశా. ఆగలేదు. మాన్యువల్ చూస్తే, ఆక్సిజన్ తగ్గితే గ్యాస్ కట్ చేసే సెన్సర్ ఉందట. అన్ని మోడళ్లలో ఇది ఉండదు. అంతకుముందు వచ్చిన మెకానిక్ "ఆ సెన్సర్ వైర్లు కలిపేస్తే ఇక ఆగదు" అన్నాడట. అది విని నాకు నిజంగా భయమేసింది.

గాలి చాలకపోతే గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. లీకైన గ్యాస్‌ని కలిపిన వాసన పట్టిస్తుంది, దీనికి రంగూ వాసనా ఏవీ ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, తర్వాత స్పృహ తప్పడం. మన దేశంలో ఇలాంటి కేసులు ఎన్ని వచ్చాయంటే, డాక్టర్లు దీనికి 'గ్యాస్ గీజర్ సిండ్రోమ్' అని పేరే పెట్టారు. స్నానం చేసొచ్చి తలనొప్పి అంటే "చలి పట్టింది" అని మనం వదిలేస్తాం. నాన్న కూడా రెండు రోజులుగా అదే అంటున్నారు.

అలాంటప్పుడు వెంటనే బయటి గాలిలోకి తీసుకొచ్చి, గ్యాస్ కట్టేసి, ఆసుపత్రికి వెళ్లాలి. నాన్నని ఆ పూటే డాక్టర్‌కి చూపించాం. ఇప్పుడు బాగున్నారు.

గీజర్‌ని బాత్రూమ్‌లోంచి తీసేయించాం. పెరటి గోడకి, చూరు కింద, గాలి ఆడేచోట బిగించి, లోపలికి వేడినీళ్ల పైపు ఒక్కటే ఇచ్చాం. వెంటిలేటర్ తెరిచే ఉంది. చలేస్తోందని అమ్మ ఇంకా తిడుతూనే ఉంది.