కాన్పయ్యాక ఆ రెండు గంటలే గండం

కోరాపుట్‌, రాయగడ: బిడ్డ కేర్‌మంది. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నారు. తల్లికి అసలు గండం అప్పుడే మొదలవుతుందని ఎవరికీ తట్టదు. కాన్పయ్యాక రక్తం ధారగా పోతూ వైద్యం అందకపోతే సుమారు రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. కొండ దిగి రోడ్డెక్కడానికే ఆ రెండు గంటలూ పట్టే ఊళ్లు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నాయి.

ఎందుకిలా?

మాయ ఊడిన చోట రక్తనాళాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. గర్భసంచి పిడికిలిలా బిగిస్తేనే అవి మూతపడతాయి. పదింట ఏడు కేసుల్లో అది బిగుసుకోకపోవడమే కారణం. కవలలు, పెద్ద బిడ్డ, గంటల తరబడి నొప్పులు, వరస కాన్పులు... వీటితో గర్భసంచి అలసిపోతుంది. మాయ ముక్క లోపల ఉండిపోయినా, కాన్పు దారి చిరిగినా, రక్తం గడ్డకట్టకపోయినా అంతే. మునుపు సిజేరియన్‌ అయితే మాయ పాత కుట్టుకు అతుక్కుపోయే ప్రమాదముంది. ఇవేవీ లేని ఆరోగ్యవంతురాలికీ రావచ్చు. అదే చిక్కు.

ఒంట్లో రక్తమేదీ?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో 15-49 ఏళ్ల మహిళల్లో 64.3 శాతం మందికి రక్తహీనతే. ఏజెన్సీలో మలేరియా, సికిల్‌సెల్‌ తోడు. అర లీటరు పోయినా గట్టి మనిషి తట్టుకుంటుంది. రక్తం లేని మనిషి అంతకంటే ముందే కూలిపోతుంది. ‘చెడు రక్తం పోతోందిలే’ అని గుడ్డలు మార్చుకుంటూ కూర్చుంటే ఎంత పోయిందో లెక్కే తెలీదు.

బిడ్డ పుట్టగానే తల్లికి ఇచ్చే 10 యూనిట్ల ఆక్సిటోసిన్‌ ఇంజెక్షన్‌ ఈ ముప్పును బాగా తగ్గిస్తుంది. అయితే దాన్ని ఫ్రిజ్‌లో ఉంచాలి. కరెంటు పోతే మందూ పోయినట్టే. రక్తం ఆగకపోతే ట్రానెగ్జామిక్‌ యాసిడ్‌ మూడు గంటల్లోపు పడాలి. గీతలున్న ప్లాస్టిక్‌ సంచితో పోయిన రక్తాన్ని కొలిచి, వెంటనే చికిత్సలన్నీ కలిపి ఇస్తే తీవ్ర రక్తస్రావం 60 శాతం తగ్గిందని 2023లో ఆఫ్రికా దేశాల్లో తేలింది.

ముందే దిగి రండి

కోరాపుట్‌లో 2017 నుంచి శహీద్‌ లక్ష్మణ్‌ నాయక్‌ వైద్య కళాశాల ఉంది. రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో క్రిస్టియన్‌ ఆసుపత్రి 1954 నాటిది. దూరపు ఊళ్ల గర్భిణులు నెలలు నిండగానే వచ్చి ఉండేందుకు ఒడిశా సర్కారు ‘మా గృహ’లు పెట్టింది. ఒడియాలో ‘మా’ అంటే అమ్మ, మన ‘మా ఇల్లు’ కాదు. ఆశా కార్యకర్తను అడిగితే దగ్గర్లో ఎక్కడుందో చెబుతుంది.

పురిటికి సరిహద్దు దాటి పార్వతీపురం వైపు పుట్టింటికి వెళ్లే కోడళ్లు ఒక పని చేయాలి. బ్లడ్‌ గ్రూపు, హిమోగ్లోబిన్‌, పాత కాన్పుల వివరాలు తెలుగులోనూ ఓ కాగితంపై రాయించి, ఒడియా కార్డుతో పాటు దగ్గర ఉంచుకోవాలి.