మాటలేని పాటలో మత్తేభం

వయస్సు యాభై దాటిన తరువాత మనిషికి క్రొత్త స్నేహితులు దొరకడం అరుదు. క్రొత్త సంగీతం దొరకడం అంతకంటె అరుదు. అప్పటికి మన చెవికి కొన్ని రాగాలు, కొన్ని గొంతులు అలవాటైపోయి ఉంటాయి. వాటికి వెలుపల వినిపించేదంతా రొద అని నిర్ణయించుకొని, తలుపు గడియ వేసుకొని కూర్చుంటాము. బయటినుంచి ఎవరైనా వచ్చి తట్టవలసిందే కాని, లోపలివారు తమంత తాముగా ఆ గడియ తీయరు. నా విషయంలో అలా తట్టినవాడు నా శిష్యుడు. అతడు తట్టింది తరగతిలోని బల్లను.

డిగ్రీ మొదటి సంవత్సరం వారికి ఛందస్సు చెబుతున్నాను. మత్తేభవిక్రీడితానికి స-భ-ర-న-మ-య-వ అని నల్లబల్ల మీద గణాలు వ్రాసి, పాదానికి 20 అక్షరాలనీ, 14వ అక్షరం యతిస్థానమనీ చెప్పి, ఒక పద్యానికి గణవిభజన చేయమన్నాను. గది నిశ్శబ్దంగా ఉన్నది. ఆ నిశ్శబ్దంలో వెనుక వరుస నుంచి టకటకమని చప్పుడు వినవచ్చింది. ఒక కుర్రవాడు పుస్తకం మూసిపెట్టి, రెండు చేతుల చూపుడువ్రేళ్ళతోనూ బల్లమీద వాయిస్తున్నాడు. నాకు కోపం వచ్చింది. బయటికి పొమ్మన్నాను. అతడు మారుమాటాడక వెళ్ళిపోయాడు. ఆ తరువాత రెండు వారాలు నా తరగతికి రానే లేదు.

హాజరుపట్టీలో అతని పేరు కెదురుగా వరుసగా గైర్హాజరీలు పడుతూంటే మనస్సు ఊరుకోలేదు. ఒకనాడు వరండాలో కనిపిస్తే పిలిచి, "ఆ రోజున ఏమిటయ్యా నువ్వు వాయిస్తున్నది?" అని అడిగాను.

"మీరు బోర్డుమీద వ్రాసిందే, మాస్టారూ. గురువుకు రెండు, లఘువుకు ఒకటి లెక్కన తట్టాను. నాలుగు, నాలుగు, అయిదు, మూడు, ఆరు, అయిదు, మూడు. మొత్తం ముప్ఫయి. భలే నడక! మా వాళ్ళు వాయించేది కూడా ఇలాగే ఉంటుంది."

నేను మనస్సులో లెక్క చూసుకున్నాను. సగణం 4 మాత్రలు, భగణం 4, రగణం 5, నగణం 3, మగణం 6, యగణం 5, చివరి వగణం 3. మొత్తం 30. కుర్రవాడు ఒక్క మాత్ర తప్పలేదు. తరగతిలో మత్తేభాన్ని నిజంగా విన్నవాడు అతడొక్కడే. అతనినే నేను బయటికి పంపించాను.

"మీ వాళ్ళెవరు?" అన్నాను. జేబులోంచి ఫోను తీసి, ఇయర్‌ఫోన్లు నా చేతికిచ్చాడు.

వినగానే ఆనందం కలిగిందని చెబితే అబద్ధమవుతుంది. మొదటి నిమిషం నేను తప్పిపోయాను. కాలితో తాళం వేయబోతే తాళం చేజారిపోయింది. నాలుగు కొట్టేసరికి వారు ఇంకెక్కడో ఉన్నారు. గాయకుడు ఎప్పుడు అందుకుంటాడా అని చూస్తే ఎవరూ అందుకోలేదు. అప్పుడు అడుగున ఉండవలసిన లావుపాటి నాదం ఒకటి మెల్లగా పైకి లేచి, తానే పాడడం మొదలుపెట్టింది. అది బేస్ గిటారు. దాని వెంట గిటారు చిన్న చిన్న చినుకులుగా రాలుతున్నది. డ్రమ్ములు ఆ రెండింటినీ విడదీస్తూ, మళ్ళీ కలుపుతూ పోతున్నవి. పాట పూర్తయ్యేసరికి నేను కాలు కదపడం మానివేసి, ఊపిరి బిగపట్టి నిలబడి ఉన్నాను.

"వీళ్ళ పేరు ఎలిఫెంట్ జిమ్, మాస్టారూ. తైవాన్ వాళ్ళు."

ఎలిఫెంట్ జిమ్ అంటే ఏనుగుల వ్యాయామశాల. నాకు నవ్వు వచ్చింది. ఆ వెంటనే సిగ్గు వేసింది. మత్త, ఇభ, విక్రీడితం అనే మూడు మాటలను విడదీసి, మదించిన ఏనుగు ఆట అని ఎన్ని ఏండ్లుగానో అర్థం చెబుతూనే ఉన్నాను. ఆ ఏనుగు ఆడగా ఒక్కనాడైనా విద్యార్థులకు చూపించానా?

తైవాన్ దక్షిణభాగంలో కావోషియుంగ్ అనే రేవుపట్టణం ఉన్నది. ఈ బృందం అక్కడ 2012లో ఏర్పడింది. సభ్యులు ముగ్గురే. బేస్ గిటారు వాయించే కె.టి. చాంగ్, గిటారూ పియానో వాయించే టెల్ చాంగ్ తోబుట్టువులు. డ్రమ్ములు వాయించేవాడు తూ చియా-చిన్. బేస్ గిటారు నాదం ఏనుగువలె భారమైనది. దానినే వారు ముఖ్యవాద్యంగా చేసుకున్నారు. లయలో వ్యాయామశాలలోని చురుకుదనాన్ని సాధించారు. పేరులోని రెండు మాటలకూ వారు చెప్పుకున్న అర్థం ఇదే. 2014లో 'యాంగిల్', 2018లో 'అండర్‌వాటర్', 2022లో 'డ్రీమ్స్', 2023లో 'వరల్డ్' అనే సంపుటాలు వెలువడినవి. కొన్ని పాటలలో గొంతు కూడా వినిపిస్తుంది కాని, వీరి బలమంతా వాద్యంలోనే ఉన్నది.

ఈ జాతి సంగీతాన్ని మ్యాథ్ రాక్ అంటారు. తెలుగులో గణిత రాక్ అనుకోవచ్చు. ఈ పేరు ఎగతాళిగా పుట్టిందని చెబుతారు. పాట విన్న శ్రోత చప్పట్లు కొట్టకుండా, జేబులోంచి లెక్కల యంత్రం తీసి, పాట ఎంత బాగున్నదో గుణించి చూచుకుంటాడని ఆ హాస్యం. దీని పుట్టిల్లు అమెరికా. కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ పట్టణానికి చెందిన స్లింట్ బృందం 1991లో 'స్పైడర్‌లాండ్' సంపుటాన్ని వెలువరించింది. అదే సంవత్సరం పిట్స్‌బర్గ్‌లో డాన్ కబలేరో బృందం ఏర్పడింది. పాట పాడేవాడు లేకుండానే రాక్ సంగీతం నిలబడగలదని ఈ రెండవ బృందం నిరూపించింది. 2000లో టోక్యోలో 'టో' అనే బృందం పుట్టి, ఈ కఠినమైన లెక్కకు ఒక మెత్తదనాన్ని చేకూర్చింది. ఎలిఫెంట్ జిమ్ వారిలో ఆ మెత్తదనం కూడా వినిపిస్తుంది.

ఇంతకూ ఇందులోని గణితమేమిటి? మన చెవిని పడే సినిమా పాటలలోనూ, పాశ్చాత్యుల జనప్రియ సంగీతంలోనూ ఎక్కువ భాగం నాలుగేసి దెబ్బల నడక. నాలుగు మనకు కాళ్ళకు తెలిసిన లెక్క. మ్యాథ్ రాక్ వారు 5, 7, 11 వంటి బేసి సంఖ్యలను ఎన్నుకొంటారు. ఒక్కొక్కప్పుడు ఒకే పాటలో నడక మార్చివేస్తారు. అంతకంటె చిత్రమైన పని మరొకటి ఉన్నది. ఒక వాద్యం 7 దెబ్బల ఆవృత్తంలో తిరుగుతూండగా, మరొకటి 4 దెబ్బల ఆవృత్తంలో తిరుగుతుంది. రెండూ ఒకేచోట బయలుదేరి విడిపోతాయి. మళ్ళీ ఎప్పుడు కలుస్తాయి? ఈ ప్రశ్నకు అయిదవ తరగతి విద్యార్థి కూడా సమాధానం చెప్పగలడు. 7కూ 4కూ కనిష్ఠ సామాన్య గుణిజం 28. అంటే 28 దెబ్బలు పూర్తయి, 29వ దెబ్బ పడేచోట రెండు వాద్యాల తొలిదెబ్బలూ ఒక్కటవుతాయి. అంతవరకు శ్రోత మనస్సు ఇటూ అటూ ఊగుతూనే ఉంటుంది. ఆ కలయిక సంభవించినప్పుడు, చాలాకాలం తరువాత ఇంటికి చేరినట్లుంటుంది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే పరీక్షించవచ్చు. అందరూ కలిసి ఒకే వేగంతో లెక్కపెట్టాలి. కుడివైపు పిల్లలు ప్రతి ఏడింటిలో మొదటిదానికీ, ఎడమవైపు పిల్లలు ప్రతి నాలుగింటిలో మొదటిదానికీ చప్పట్లు కొట్టాలి. రెండువైపుల చప్పట్లూ ఒక్కసారిగా పడినప్పుడు పిల్లల ముఖాలు చూడండి. క.సా.గు. అనే మూడక్షరాలకు అంత వెలుగు ఉన్నదని నేను ఎరుగను.

'ఇదంతా మనవారికి ఎప్పుడో తెలుసు' అని మీసం మెలివేయడానికి ఈ మాటలు చెప్పడం లేదు. మనకు 7 మాత్రల మిశ్రచాపు ఉన్నది, 5 మాత్రల ఖండచాపు ఉన్నది, నిజమే. గురజాడవారి ముత్యాలసరాలు 3, 4 మాత్రల మిశ్రగతిలో నడుస్తాయి, అదీ నిజమే. మృదంగ విద్వాంసుడు ముక్తాయింపుతో సమానికి వచ్చి చేరినప్పుడు సభ అంతా ఒక్కసారిగా తల ఊపుతుంది. ఆ తల ఊపులోని సంతోషమే నాకు ఈ ముగ్గురి వాద్యంలోనూ కలిగింది. అయితే మన కచేరీలో తాళం వేసే చేయి ఒకటి ఎదురుగా కనిపిస్తుంది. దారి తప్పిన శ్రోత దానిని చూచి దారిలో పడతాడు. ఇక్కడ ఆ చేయి లేదు. తాళాన్ని శ్రోతే వెదకుకోవాలి. ఆ వెదకులాటే రసాస్వాదనలో సగభాగం.

ఒక అభ్యంతరం ఉన్నది. ఇంత లెక్క ఉన్నచోట హృదయానికి చోటెక్కడ? ఇది వాద్యాలతో చేసే గారడీ కాదా? ఈ ప్రశ్న మన సాహిత్యంలోనూ పాతదే. బంధకవిత్వం వ్రాసినవారిని చూచి మనం ఇదే అడిగాము. నిజం చెప్పాలంటే గణిత రాక్ పేరిట వచ్చే వాద్యంలో గారడీ కూడా కావలసినంత ఉన్నది. శిష్యుడు వినిపించిన మరి రెండు మూడు బృందాలు నాకు చేతివేగాన్ని తప్ప మరేమీ మిగల్చలేదు. గారడీకీ కళకూ తేడా తెలుసుకోవడానికి నాకు తోచిన గుర్తు ఒక్కటే: లెక్క మరచిపోయి విన్నా అది నిలుస్తుందా? 'అండర్‌వాటర్' సంపుటాన్ని ఒక రాత్రి ఇంట్లో దీపం తీసివేసి విన్నాను. ఏ పాట ఎన్ని మాత్రలో లెక్కపెట్టలేదు. కె.టి. చాంగ్ రెండు చేతుల వ్రేళ్ళతోనూ తీగలను మెట్లమీద తట్టి పలికించగలదు. ఒకే వాద్యం నుంచి అడుగు స్వరమూ, పై రాగచ్ఛాయా కలిసి వస్తూంటే, ఒక మనిషి తనలో తాను మాట్లాడుకుంటున్నట్లు ఉన్నది. ఏమి మాట్లాడుకుంటున్నదో నేను చెప్పలేను. చెప్పవలసిన అవసరమూ కనబడలేదు.

మాటలతో జీవితం గడిపిన నాకు ఇది చిన్న విషయం కాదు. ప్రతి పద్యానికీ ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాంశాలు చెప్పడం నా వృత్తి. అర్థం చెప్పలేనిదానిని అర్థంలేనిదిగా కొట్టివేయడం ఆ వృత్తివల్ల అంటిన దురభ్యాసం. నేను పద్యం నేర్చుకున్నది ఇలా కాదు. ఊళ్ళో ప్రాథమిక పాఠశాల పంతులుగారు మా చేత పద్యాలు రాగయుక్తంగా చదివించేవారు. గణాల పేర్లు చెప్పలేదు, అర్థమూ చెప్పలేదు. యతిస్థానం దగ్గర ఆయన గొంతు ఒక్క క్షణం ఆగి ఒరిగేది. ఆ ఒరుగుడు చెవిలో పడినవాడికి యతి ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. తరువాత డిగ్రీలు సంపాదించాను, లక్షణాలు కంఠస్థం చేశాను, నడకను మాత్రం ఎక్కడో పోగొట్టుకున్నాను. నా దగ్గర చదువుకున్నవారికి లక్షణమే దక్కింది. వారిలో ఎంతమంది నేడు బడిపంతుళ్ళై, తమ పిల్లలకు ఆ లక్షణాన్నే అప్పగిస్తున్నారో తలచుకుంటే దిగులుగా ఉంటుంది.

క్రొత్త కళాకారుని కనుగొన్న ఆనందం అంటే ఇదేననుకుంటాను. ఎక్కడో సముద్రాల కవతల ముగ్గురు యువజనులు తమ కోసం కట్టుకున్న సంగీతం, తమకు పేరైనా తెలియని ఒక భాషాబోధకునికి అతడు పోగొట్టుకున్నదానిని తిరిగి ఇచ్చింది. వారు నాకోసం వాయించలేదు. మత్తేభం సంగతి వారికి తెలియనక్కరలేదు. అయినా ఆ సంగీతం నా చెవిలో పడే సమయానికి నా ఇంట్లో పోయిన వస్తువు ఒకటి కనబడింది.

కుర్రవాడు తిరిగి తరగతికి వస్తున్నాడు. ఇప్పుడు ఛందస్సు పాఠమైతే ముందు బల్లలు మ్రోగుతాయి, తరువాతనే పుస్తకాలు తెరుస్తాము. ప్రక్క గదిలోని అధ్యాపకులు రెండుసార్లు తలుపు దగ్గరికి వచ్చి చూచి వెళ్ళారు. దీనివల్ల అందరూ పండితులైపోయారని చెప్పను. మొన్నటి పరీక్షలో ఈ కుర్రవాడే మత్తేభానికి యతిస్థానం 13వ అక్షరమని వ్రాశాడు. అది శార్దూలానికి చెందిన లెక్క. మార్కు తీసివేశాను. శార్దూలం పాదంలో అక్షరాలు 19 అయినా మాత్రలు మాత్రం అక్కడా 30 కనుక, ఆ తప్పు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలిసింది. కాగితం అంచున ఎర్రసిరాతో ఒక్క మాట వ్రాశాను: 'ఈసారి రెండూ ప్రక్కప్రక్కన వాయించి చూడు.'