చివరి రేడియేటరు ఎందుకు వేడెక్కదు?

బ్రిటన్‌లో కాపురముంటున్న మన కుటుంబాలలో శీతకాలం ప్రవేశించగానే వినవచ్చే ఫిర్యాదు ఒకటున్నది. హాలు, ముందు గది ఉక్కపోసేటంత వెచ్చగా ఉంటాయి. మేడమీది వెనుక పడకగది మాత్రం ఎంతకూ చలి వదలదు. స్వదేశం నుండి వచ్చిన అమ్మానాన్నలకు మనం సాధారణంగా ఇచ్చేది ఆ వెనుక గదినే. వారు శాలువా మీద రగ్గు కప్పుకొని, "ఫరవాలేదు నాయనా" అంటూ సర్దుకుపోతారు. మనం చేసేది బాయిలర్ మీట మరికొంచెం పైకి తిప్పటం. దానితో హాలు మరింత వేడెక్కుతుంది, వెనుక గదిలో మార్పు అంతంతమాత్రం, గ్యాసు బిల్లు మాత్రం తప్పక పెరుగుతుంది. అంతేకాదు, కొత్త రకపు బాయిలర్‌కు ఉన్న ముఖ్యమైన సుగుణం కూడా ఆ మీట తిప్పటంతోనే చేజారిపోతుంది. ఇది ఎట్లా జరుగుతుందో, దీనిని ఇంటివారే ఎంతవరకు చక్కదిద్దుకోవచ్చునో చూద్దాం.

గొట్టాల ద్వారా మన ఇళ్ళకు వచ్చే సహజవాయువులో అధికభాగం మీథేన్. అది కాలినప్పుడు కార్బన్ డయాక్సైడ్‌తోపాటు నీరు పుడుతుంది. ఒక కిలో మీథేన్ దహనమైతే 2.25 కిలోల నీరు తయారవుతుంది. మీటరులో ఒక ఘనపు మీటరు గ్యాసు తిరిగిందంటే సుమారు లీటరున్నర నీరు పుట్టిందన్నమాట. అయితే ఆ నీరు ఆవిరి రూపంలో ఉంటుంది. నీటిని ఆవిరి చేయటానికి పట్టిన ఉష్ణం ఆ ఆవిరిలోనే దాగి ఉంటుంది. దీనినే గుప్తోష్ణం అంటారు. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు చేతికి తగిలే ఆవిరి, మరిగే నీటికంటె తీవ్రంగా కాల్చటానికి కారణమిదే. ఆవిరి చర్మం మీద నీరుగా మారుతూ తనలోని గుప్తోష్ణాన్ని చర్మానికి అప్పగిస్తుంది. గ్యాసు నుండి వెలువడే మొత్తం ఉష్ణంలో సుమారు పదో వంతు ఈ రూపంలోనే ఉంటుంది. పాత బాయిలర్లు ఈ పదో వంతును పొగగొట్టంగుండా ఆకాశానికి ధారపోసేవి.

ఈ నష్టాన్ని అరికట్టటానికి వచ్చినదే కండెన్సింగ్ బాయిలర్. 2005 ఏప్రిల్ నుండి ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్తగా అమర్చే గ్యాసు బాయిలర్లు, కొద్దిపాటి మినహాయింపులతో, ఈ రకానివే అయి ఉండాలని భవన నిబంధనలు విధించాయి. రేడియేటర్లలో తిరిగి చల్లబడి వచ్చిన నీటితో ఇది పొగవాయువును చల్లబరచి, అందులోని ఆవిరిని నీరుగా మార్చి, గుప్తోష్ణాన్ని రాబట్టుకొంటుంది. బాయిలర్ నుండి బయటికి పోయే సన్నని ప్లాస్టిక్ గొట్టంలో కారే నీరు అదే. కానీ ఇందుకొక షరతు ఉన్నది. తిరిగివచ్చే నీరు సుమారు 55 డిగ్రీల సెల్సియస్‌కు లోబడి ఉండాలి; ఎంత చల్లగా వస్తే అంత లాభం. 65, 70 డిగ్రీల నీరు తిరిగివచ్చే ఇంటిలో ఆ బాయిలర్ పేరుకే కండెన్సింగ్. పొగలోని ఆవిరి పాత రోజులలోలాగే బయటికి పోతుంది. కొనేటప్పుడు కాగితం మీద చూసిన 90 శాతం పై సామర్థ్యం ఇంటిలో దక్కుతుందా లేదా అన్నది ఆ తిరుగు గొట్టమే తేలుస్తుంది.

తిరుగు నీరు అంత వేడిగా ఎందుకు వస్తుంది? కృష్ణా, గోదావరి కాలువల కింద సేద్యం చూసినవారికి ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు. కాలువ మొదట్లోని తూములన్నీ బార్లా తెరిచి ఉంటే ఆ పొలాలు మునిగి, మిగులు నీరు మురుగుకాలువలో పడుతుంది. చివరి ఆయకట్టు నెర్రెలు విచ్చుతుంది. ఇంటి గొట్టాలలోనూ అంతే. పంపు తోసే నీరు దగ్గరి దారినే వెతుక్కొంటుంది. బాయిలర్‌కు సమీపంలోని రేడియేటర్లలోనికి నీరు అవసరానికి మించి ప్రవేశించి, తన వేడిని గదికి ఇచ్చే వ్యవధి లేకుండానే వేగంగా బయటపడి, తిరుగు గొట్టాన్ని వేడెక్కిస్తుంది. దూరపు రేడియేటరుకు చేరేది అరకొర నీరే. వెనుక గది చలికీ బాయిలర్ దుబారాకూ మూలం ఒకటే కనుక చికిత్స కూడా ఒకటే: దగ్గరి తూములను కొంత బిగించటం. దీనినే బ్యాలెన్సింగ్ అంటారు.

అయితే చల్లగా ఉన్న ప్రతి రేడియేటరు జబ్బూ ఇదే అనుకోరాదు. చేత్తో తడిమి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. పైభాగం చల్లగా, అడుగు వెచ్చగా ఉంటే లోపల గాలి చేరినట్లు. హీటింగ్ ఆపి, చల్లారిన తరువాత, పక్కనున్న చిన్న మరను తాళపుచెవితో సడలించి, గుడ్డ అడ్డంపెట్టి గాలిని వదలాలి. అడుగుభాగం మధ్యలో చల్లగా ఉంటే నల్లని తుప్పు మడ్డి పేరుకొన్నట్లు. దానిని కడిగించి, తుప్పును నిరోధించే రసాయనం కలపటమే మార్గం. ఒకే ఒక్క రేడియేటరు పూర్తిగా చల్లబడి ఉంటే, 1 నుండి 5 వరకు అంకెలున్న వాల్వు తల కింది చిన్న సూది బిగుసుకుపోయి ఉండవచ్చు. వేసవి అంతా కదలక ఉన్న వాల్వులకు ఇది మామూలే. గాలి వదిలిన తరువాత పీడనం తగ్గుతుంది కనుక, చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1 నుండి 1.5 బార్ మధ్య ఉండేటట్లు నీరు నింపుకోవాలి. వారం వారం నింపవలసి వస్తుంటే మాత్రం ఎక్కడో కారుతున్నట్లో, వ్యాకోచ పాత్ర చెడినట్లో భావించాలి. ప్రతిసారీ చేరే కొత్త నీటితో ఆక్సిజన్, దాని వెంట తుప్పు ప్రవేశిస్తాయి.

ఇవేవీ కావని తేలితే బ్యాలెన్సింగుకు పూనుకోవచ్చు. కావలసినవి చిన్న స్పానరు, గొట్టానికి తగిలించే రెండు థర్మామీటర్లు, ఒక ఆదివారం, కొంత ఓపిక. ఓపికే ముఖ్యం. ప్రతి రేడియేటరుకూ రెండు కొనలలో రెండు వాల్వులుంటాయి. అంకెలున్నది మనం రోజూ తిప్పేది. రెండవ కొనలో ప్లాస్టిక్ టోపీ కింద ఉండేది లాక్‌షీల్డ్ వాల్వు. మన తూము ఇదే. ముందుగా ప్రతి లాక్‌షీల్డూ ఎన్ని చుట్లు తెరిచి ఉన్నదో రాసిపెట్టుకొని, ఆ తరువాత రెండు రకాల వాల్వులనూ పూర్తిగా తెరవాలి. అంతా చల్లారిన పిమ్మట హీటింగ్ వేసి, ఏ రేడియేటరు ముందు వేడెక్కుతున్నదో వరుసక్రమం గుర్తించాలి. ఇంటిలో పిల్లలుంటే ఈ పని వారికి అప్పగించవచ్చు. తలా ఒక గదిలో నిలబడి "వచ్చింది" అని కేక వేయటం వారికి మహా సరదా.

మొదట వేడెక్కిన రేడియేటరు లాక్‌షీల్డును పూర్తిగా మూసి, పావు చుట్టు తెరవాలి. పదిహేను నిమిషాలు ఆగి, నీరు వచ్చే గొట్టానికీ పోయే గొట్టానికీ మధ్య తేడా కొలవాలి. పాత పద్ధతిలో 11 డిగ్రీల తేడా ఉంచేవారు. కండెన్సింగ్ బాయిలర్‌కు అంతకు మించిన తేడా, 15 నుండి 20 డిగ్రీల వరకు, మేలు. తేడా చాలకుంటే ఇంకొంచెం బిగించాలి, మించితే సడలించాలి. ఇట్లా వరుసగా వెళితే చివరి రేడియేటరు దాదాపు పూర్తిగా తెరిచి ఉంటుంది. ఒకదానిని మారిస్తే మిగిలినవీ కాస్త మారుతాయి కనుక రెండవసారి చుట్టిరావటం తప్పదు.

ఇప్పుడు ఇంతకుముందు పైకి తిప్పిన మీటను కిందికి తిప్పవచ్చు. నీరు 60 డిగ్రీలతో బయలుదేరి, 45తో తిరిగివస్తే బాయిలర్ నిజంగా కండెన్సింగ్ చేస్తున్నట్లే. గది వేడెక్కటానికి ఎక్కువసేపు పడుతుంది కనుక హీటింగును కొంచెం ముందుగా మొదలుపెట్టాలి. గడ్డుచలి రోజులలో అయిదు డిగ్రీలు పెంచుకోవటంలో దోషమేమీ లేదు. ఇంగ్లండులో 2022 జూన్ నుండి కొత్తగా వేసే వ్యవస్థలను 55 డిగ్రీలకు మించని నీటితో పనిచేసేటట్లు రూపొందించాలని నిబంధనలు చెబుతున్నాయంటే, తక్కువ వేడి నీటితో ఇల్లు వెచ్చబరచటం వింత ప్రయోగమేమీ కాదని తెలుస్తున్నది.

ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరం. ఈ సలహా ప్రధానంగా కాంబి బాయిలర్ ఉన్న ఇళ్ళకు వర్తిస్తుంది. అందులో రేడియేటర్ల మీట వేరు, కుళాయి నీటి మీట వేరు. వేడినీటి సిలిండరు ఉన్న ఇంటిలో, నిలవనీరు 60 డిగ్రీలకు చేరకపోతే లీజియోనెల్లా అనే ప్రమాదకర సూక్ష్మజీవి పెరగవచ్చు. కనుక అక్కడ బాయిలర్‌ను అంతకంటె పైననే ఉంచాలి. ఇక కండెన్సింగ్ కాని పాత బాయిలర్లకు చల్లని తిరుగు నీరు హానికరం. లోపల తేమ పట్టి ఇనుము తినివేయబడుతుంది.

హాలులోని థర్మోస్టాట్ సంగతి చాలామంది గమనించరు. అది ఉన్న గది ముందుగా వేడెక్కితే, ఇల్లంతా వెచ్చబడినదని భ్రమపడి బాయిలర్‌ను ఆపివేస్తుంది. ఆ గది రేడియేటరును మరికాస్త గట్టిగా బిగిస్తే వెనుక గదికి అదనపు వ్యవధి దొరుకుతుంది.

బాయిలర్ కవచం విప్పవలసిన పని ఏదైనా గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్నవారు మాత్రమే చేయాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. దానిని పసిగట్టే అలారం ఇంటిలో ఉండి తీరాలి. ఆవిరి నీరు పోయే ప్లాస్టిక్ గొట్టం ఆరుబయట ఉంటే దానికి ఉన్నితొడుగువంటి కవచం వేయించండి. 2010 డిసెంబరు చలిలో ఈ గొట్టాలు గడ్డకట్టి ఎన్నో ఇళ్ళలో బాయిలర్లు ఆగిపోయాయి. అట్లా జరిగితే గోరువెచ్చని నీరు పోయాలి, మరిగే నీరు పోయరాదు.

బ్యాలెన్సింగ్ పూర్తి అయిన తరువాత ఏ గది లాక్‌షీల్డు ఎన్ని చుట్లు తెరిచి ఉన్నదో కాగితం మీద రాసి, బాయిలర్ అలమరా తలుపు లోపల అంటించండి. గోడలకు రంగులు వేసేవారు రేడియేటరు విప్పి మళ్ళీ బిగించేటప్పుడు వాల్వును ఎటు తిప్పుతారో చెప్పలేము.