ఏసీ బిల్లు తగ్గాలంటే ముందు కప్పు చూడండి



కట్టడం పనులకు ముంబై వెళ్ళిన మన తెలుగు కామాఠీల వల్లే కామాఠిపురకు ఆ పేరొచ్చింది. అక్కడి చాల్స్‌లో పై అంతస్తు రేకు గదుల్లో ఉండే మనవాళ్ళకి ఎండాకాలం ఏసీ బిల్లే పెద్ద బాధ. మన షెడ్డులో లాగా తడి గోనె పట్టాలు కట్టమని వాళ్ళకి చెప్పకండి. నీళ్ళు ఆరితేనే చల్లదనం. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, తొందరగా ఆరవు. వానాకాలం మన షెడ్డులోనూ అంతే, పైగా సున్నపుకట్టు రోగం పట్టుకుంటుంది.

పనికొచ్చేవి ఇవీ:

• రేకు మీద తెల్ల కూల్ రూఫ్ పెయింట్. వేడిని పైనే ఆపాలి. తెలంగాణ 2023లో దీనికి పాలసీయే తెచ్చింది.
• ఎండ తగిలే కిటికీకి బయటి వైపు తడక.
• ఏసీ 18లో వద్దు. 24లో పెట్టి ఫ్యాన్ వెయ్యండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుంది.
• ఫిల్టర్ 15 రోజులకోసారి కడగండి.
• మామూలు ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దాకా తింటుంది.

పెద్ద పురుగులకు మనం చూసేదీ 24, 25 డిగ్రీలే కదా. మేమైతే ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలోనే షెడ్డు రేకుకి తెల్ల రంగు వేస్తాం. మీరూ వెయ్యండి, ముంబైలో ఉన్న మీవాళ్ళకీ ఇది పంపండి.