దవడ యెముకలోని గడ్డలు

ద్వారకా తిరుమలలో బడిపంతులనై విశ్రాంతి గొన్న నేను వైద్యుడను గాను. నన్నీ ప్రసంగమునకు బురికొల్పినది నా పొరపాటే. నా పూర్వశిష్యుడొకడు, ముప్పదియైదేండ్ల రైతు, క్రింది దవడ వెనుకభాగమున నుబ్బును నాకు జూపి, నొప్పి లేదనెను. “నొప్పి లేనిదానికి భయమేల? లవంగతైలము రాయుము” అంటిని. అతడు నా మాట నమ్మి రెండేండ్లూరకుండెను.

నొప్పి లేకుండుటయే యీ గడ్డల లక్షణము. అర్బుదము గుండ్రనై, కదలక, స్వల్పవేదనతో మెల్లగా బెరుగునని, చీము పట్టదని సుశ్రుతుడేనాడో చెప్పెను. చదివిన శాస్త్రము సమయమునకు నాకు దోపలేదు.

ఈ గడ్డలు క్యాన్సరువలె దూరావయవములకు బ్రాకుట మిక్కిలి యరుదు. కావున వీనిని సాధువులందురు. వీనిలో ముఖ్యమైనవి మూడు తెగలు.

మొదటిది ఎమిలోబ్లాస్టోమా. ఇది పంటిపింగాణిని నిర్మించు కణజాలమునుండి పుట్టును. తరచుగా క్రిందిదవడ వెనుకభాగమున, నడివయస్సున గానవచ్చును. ఏండ్లతరబడి యెముకను దొలుచును; పండ్లు కదలును; ముఖ మొకవైపు వంకరయగును. పలుచబడిన యెముకను వ్రేలితో నొక్కినచో గ్రుడ్డు పెంకువలె చిటచిటలాడును. ఎక్స్‌రే చిత్రమున సబ్బుబుడగల గుంపువలె దోచును. పేరునకు సాధువైనను, గీకి తీసినంతమాత్రమున మరల మొలచు స్వభావము గలది.

రెండవది ఒడొంటోమా. పంటిపదార్థమే ముద్దగానో, చిరుపండ్లుగానో పేరుకొనును. బాల్యయౌవనముల బుట్టి, రావలసిన పంటి నడ్డగించును. 2019లో చెన్నైలోని సవీత దంతవైద్య కళాశాలలో ఏడేండ్ల బాలుని దవడనుండి 526 చిరుపండ్లను దీసిరి! దీనిని దీసిన పిదప మరల వచ్చుట యరుదు.

మూడవది యెముకకు సంబంధించినది. ఆస్టియోమా గట్టి యెముకబొడిపె. ఎముకయు నారయు గలిసి పెరుగు గడ్డ మరియొకటి. అంగిటి నడుమ గొందరికుండు బొడిపె గడ్డయే కాదు, దానికి భయపడనక్కరలేదు.

చూపుతో నివి యేవో నిర్ణయింపరాదు. క్యాన్సరును నిట్లే కనబడవచ్చును. ముక్కను దీసి సూక్ష్మదర్శినితో బరీక్షింపవలెను.

నా శిష్యునికి వచ్చినది మొదటి తెగ. దవడలో గొంతభాగము కోసి, కాలి సన్నయెముకతో బూరించిరి. తొలినాడే పోయియుండిన, కోత చిన్నదయ్యెడిది. నేడును మా యరుగుపై గూర్చుండి నన్నొక్క మాట యనడు. ఆ మౌనమే నాకు శిక్ష.

కావున అయ్యలారా! రెండు వారములకు తగ్గని దవడవాపు, కారణము లేక కదలు పన్ను, వయస్సు వచ్చినను మొలవని పన్ను, పెదవి తిమ్మిరి కనబడినచో వాతలు పెట్టింపకుడు, గడ్డను గోయింపకుడు. ఏలూరు చెంత దుగ్గిరాలలో దంతవైద్య కళాశాల యున్నది. మీ మాటకు ఊరిలో విలువ కలదు. ఆ మాట “భయమేల” యని గాక “పోయి చూపించుకొనుము” అని యుండుగాక. సెలవు.